పట్టపగలు కనిపించిన చుక్క

పిల్లలూ! లెక్కల పరీక్ష కాస్త కష్టంగా వస్తే, "పట్టపగలే చుక్కలు కనిపించాయి" అంటాం. అది మాట వరసకు అనేదే. కాని ఒకానొక సంవత్సరంలో సూర్యుడు ఆకాశంలో ఉండగానే నిజంగా ఒక చుక్క కనిపించింది. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, 23 రోజులు! అది క్రీ. శ. 1054వ సంవత్సరం. శాలివాహన శకం 976. మన పంచాంగం లెక్కన జయ నామ సంవత్సరం.

చరిత్ర పుస్తకంలో మనం ఒక్కొక్క దేశం కథను విడివిడిగా చదువుతాము. అందువల్ల ఇక్కడ ఒక రాజు ఏలుతూ ఉంటే, అదే సమయంలో ఇంకొక చోట ఏం జరుగుతున్నదో మనకు తట్టదు. ఈసారి ఒకే ఒక్క సంవత్సరాన్ని పట్టుకుని, భూమి మీద నాలుగు చోట్లా తిరిగివద్దాం.

ముందు మన ఇంటినుంచే బయలుదేరుదాం. 1054లో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు వేంగి దేశాన్ని పాలిస్తున్నాడు. భారతాన్ని తెలుగు చెయ్యడం మొదలుపెట్టిన నన్నయభట్టు ఆయన కొలువులోనే ఉన్నాడు. అంతకు క్రితం ఏడు, అనగా 1053లో, రాజు నందంపూడి అనే గ్రామాన్ని నారాయణభట్టు అనే పండితుడికి దానంగా ఇచ్చాడు. నన్నయకు భారత రచనలో తోడ్పడినవాడు ఈ నారాయణభట్టే. దానశాసనాన్ని నన్నయ రచించగా, దాన్ని రాగిరేకుల మీద చెక్కించారు. రేకుల మీద ఉన్నది గనక ఆ సంగతి ఈనాటికీ మనకు తెలుస్తున్నది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. తరవాత మనకు పనికివస్తుంది.

ఆ కాలంలో వేంగి సింహాసనంపై తమ మాట చెల్లాలని దక్షిణాన చోళులకూ, పడమట కల్యాణి చాళుక్యులకూ గట్టి పట్టుదల ఉండేది. నరేంద్రుడి రాణి అమ్మంగదేవి చోళుల ఆడపడుచు. ఆమె సోదరుడు రాజాధిరాజ చోళుడు 1054 ప్రాంతంలో కొప్పం అనే చోట కల్యాణి రాజు సోమేశ్వరుడితో తలపడ్డాడు. ఏనుగు మీద కూర్చుని పోరాడుతూ రాజాధిరాజు ప్రాణాలు విడిచాడు. రాజు పడిపోగానే సైన్యం చెల్లాచెదురు కావలసిందే. కాని అతని తమ్ముడు రాజేంద్రుడు ధైర్యం చెప్పి సేనను నిలబెట్టి, గెలిచి, ఆ యుద్ధభూమిలోనే కిరీటం ధరించాడు. తమిళ శాసనాలు రాజాధిరాజును "ఏనుగుపై కన్నుమూసిన దేవర" అని పిలుస్తాయి.

ఇక మనదేశం దాటి వాయవ్యంగా చాలా దూరం పోదాం. నేటి ఉక్రెయిన్ దేశపు ముఖ్యపట్టణమైన కీవ్ నగరంలో, ఆ ఫిబ్రవరి నెలలో, యారొస్లావ్ అనే ముసలిరాజు మరణించాడు. ఆయన్ను ప్రజలు "వివేకి" అనేవారు. తన రాజ్యానికి వ్రాతపూర్వకమైన చట్టాలు ఏర్పరచిన రాజు ఆయన. ఆయన కుమార్తెలలో ఒకామె ఫ్రాన్సు రాణి, ఒకామె నార్వే రాణి, మరొకామె హంగరీ రాణి!

ఇంతలో వేసవి వచ్చింది. చైనాలో సుంగ్ వంశపు చక్రవర్తులు కైఫెంగ్ నగరం రాజధానిగా ఏలుతున్నారు. అక్కడ కొందరు ఉద్యోగులకు రాత్రివేళ ఆకాశం చూడటమే పని. ఎక్కడ ఏ మార్పు కనిపించినా తేదీతో సహా వ్రాసిపెట్టాలి. జులై 4వ తేదీన, తెల్లవారుజామున తూర్పు దిక్కున, అంతవరకూ ఏమీ లేని చోట ధగధగ మెరుస్తూ ఒక కొత్త చుక్క కనిపించింది. పిలవకుండా వచ్చింది గనక దాన్ని వారు "అతిథి తార" అన్నారు. అది శుక్రగ్రహంలాగా పగలు కూడా కనిపించిందనీ, నలువైపులా కిరణాలు చిమ్మిందనీ, దాని రంగు ఎరుపు కలిసిన తెలుపు అనీ, పగటిపూట 23 రోజులు కనిపించిందనీ వ్రాశారు. ఆ తరవాత వెలుగు క్రమంగా తగ్గినా, రాత్రిళ్ళు మటుకు అది 1056 ఏప్రిల్ వరకూ కనిపిస్తూనే ఉన్నది. జపానువారి వ్రాతలలో కూడా ఈ చుక్క ప్రస్తావన ఉన్నది.

ఆ 23 రోజులలో, అదే చుక్క కింద, భూమి మీద మనుషులు ఏం చేస్తున్నారో చూడండి.

జులై 16న కాన్‌స్టాంటినోపిల్‌లో, అనగా నేటి ఇస్తాంబుల్ నగరంలో, హాగియా సోఫియా అనే మహా దేవాలయంలో ప్రార్థన జరగబోతున్నది. రోము నుంచి వచ్చిన హంబర్టు అనే మతాధికారి నేరుగా లోపలికి వెళ్ళి, పూజావేదిక మీద ఒక పత్రం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ నగరపు మతపెద్ద మైకేలును వెలివేస్తున్నట్టు అందులో ఉన్నది. మైకేలు ఊరుకుంటాడా? వచ్చినవారిని ఆయన కూడా వెలివేశాడు. విచిత్రమేమంటే, హంబర్టును పంపిన పోపు తొమ్మిదవ లియో ఏప్రిల్ నెలలోనే మరణించాడు! పంపినవాడు పోయినా తగవు పోలేదు. అంతకు ముందునుంచీ పెరుగుతూ వచ్చిన ఎడం ఆ తరవాత మరీ పెరిగి, క్రైస్తవ మతం తూర్పు శాఖగానూ పడమటి శాఖగానూ చీలిపోయింది. ఆనాటి వెలివేతలను రెండు పక్షాలవారూ రద్దు చేసుకున్నది 1965లో. అంటే 911 సంవత్సరాల తరవాత!

జులై 27న స్కాట్లండులో పెద్ద యుద్ధం జరిగింది. ఇంగ్లండు ఉత్తరభాగాన్నేలే సివార్డు దండెత్తివెళ్ళి, స్కాట్లండు రాజును ఓడించాడు. ఆ రాజు పేరు మాక్‌బెత్. షేక్‌స్పియరు నాటకం వల్ల లోకమంతా ఎరిగిన మాక్‌బెత్ ఈయనే. గెలిచిన సివార్డుకు కూడా సుఖం లేదు. ఆ యుద్ధంలోనే ఆయన కొడుకు చనిపోయాడు.

ఆ ఏడే చైనాకు దక్షిణాన ఉన్న వియత్నాంలో కొత్త రాజు గద్దె ఎక్కి, తన దేశానికి "దాయ్ వియత్" అని పేరు పెట్టాడు. "గొప్ప వియత్ దేశం" అని దాని అర్థం. మధ్య కొంతకాలం తప్ప, ఆ పేరు 1804 వరకూ నిలిచింది.

మరి ఆ చుక్క ఏమైంది? అసలది కొత్త నక్షత్రమే కాదు, చనిపోతున్న నక్షత్రం! సూర్యుడికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన నక్షత్రంలో ఇంధనం అయిపోతే, దాని నడిభాగం తన బరువుకు తానే కూలిపోతుంది. పైభాగం బ్రహ్మాండంగా పేలిపోతుంది. ఆ పేలుడు వెలుగే కైఫెంగ్‌లో కనిపించింది.

1731లో జాన్ బెవిస్ అనే ఇంగ్లీషు వైద్యుడు దూరదర్శినితో చూస్తూ, ఆ దిక్కున పొగమచ్చలాంటిది ఒకటి కనుక్కున్నాడు. తరవాతి వారు దానికి "పీత నీహారిక" అని పేరు పెట్టారు. కొన్నేళ్ళ తేడాతో తీసిన రెండు ఫోటోలను 1921లో పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ పొగ వ్యాపిస్తున్నదని తేలింది. ఇంత వేగంతో పోతున్నది గనక ఎప్పుడు బయలుదేరి ఉండాలి? రైలు లెక్కలు చేసినట్టే శాస్త్రజ్ఞులు వెనక్కు లెక్క కట్టారు. సుమారు 900 ఏళ్ళ కిందట అని వచ్చింది! అప్పుడు చైనావారి పాత గ్రంథాలు తీసి చూశారు. చోటు సరిపోయింది, కాలమూ సరిపోయింది. 1968లో ఆ పొగ నడుమ, సెకనుకు సుమారు 30 సార్లు గిర్రున తిరిగే ఒక చిన్న తార దొరికింది. చచ్చిపోయిన నక్షత్రంలో మిగిలిన గుండె అది. దాని అడ్డుకొలత సుమారు 20 కిలోమీటర్లే!

ఇంకొక వింత. వెలుతురు సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంత వేగంతో వచ్చినా, అక్కడినుంచి మనల్ని చేరడానికి దానికి సుమారు 6,500 ఏళ్ళు పట్టింది. అనగా నక్షత్రం పేలిపోయిన నాటికి సింధులోయలో నగరాలైనా లేవు. 1054లో భూమికి చేరింది ఆ కబురు మాత్రమే!

ఆ చుక్క కైఫెంగ్ మీదే కాదు, రాజమహేంద్రవరం మీదా, కాన్‌స్టాంటినోపిల్ మీదా, స్కాట్లండు మీదా ఉదయించింది. అయినా మన దేశంలో గాని, ఐరోపాలో గాని దాన్ని గూర్చి తిరుగులేని వ్రాత ఏదీ పండితులకు దొరకలేదు. నందంపూడి దానం రాగిరేకుల మీద నిలిచింది. అతిథి తార చైనావారి కాగితాల మీద నిలిచింది. ఆ ఉద్యోగులకు పేలుడంటే ఏమిటో, నీహారిక అంటే ఏమిటో తెలియదు. అయినా తమ కళ్ళతో చూసినదాన్ని తేదీ వేసి ఉన్నదున్నట్టు వ్రాశారు. అర్థం చెప్పగలవారు 900 ఏళ్ళ తరవాత వచ్చారు.

డిసెంబరు నెలలో చీకటిపడ్డాక తూర్పుకేసి చూడండి. కృత్తికల గుంపుకు కింద ఎర్రగా మెరిసేది రోహిణి. అది వృషభరాశికి కన్ను. అక్కడినుంచి రెండు కొమ్ములు సాగుతాయి. మృగశిరవైపున్న కొమ్ము కొనకు, చంద్రబింబం వెడల్పుకు రెండింతల దూరంలో ఉన్నది ఆ పొగమచ్చ. మామూలు కంటికి కనిపించదు. చిన్న దూరదర్శిని కావాలి. అమ్మనో నాన్ననో తోడు తీసుకుని చూడండి. ఇంటికి రాగానే ఏం చూశారో, ఏ తేదీన, ఎన్ని గంటలకు చూశారో ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. జయ నామ సంవత్సరం మళ్ళీ 2074లో వస్తుంది. ఆ పుస్తకాన్ని అప్పటిదాకా భద్రంగా దాచి, మీ మనమలకు చూపించండి.