జీరో టికెట్ సరే.. బస్సేది? కమాన్‌పూర్ దాకా ఎలక్ట్రిక్ బస్సు ఎందుకు రావట్లేదంటే..

పెద్దపల్లి జిల్లా కమాన్‌పూర్. ఒకవైపు గోదావరిఖని, ఇంకోవైపు మంథని, మరోవైపు పెద్దపల్లి. చుట్టుపక్కల సింగరేణి బాయిలు, ఓసీపీలు, మట్టి గుట్టలు. బొగ్గు ఇచ్చేది ఈ ప్రాంతమే, కరెంటు ఇచ్చేదీ ఈ ప్రాంతమే. కానీ కరెంటుతో నడిచే బస్సుల కోసం కేంద్రం తెచ్చిన రెండు పెద్ద పథకాల్లో దీనికి చోటు లేదు. కారణం బ్యాటరీ కాదు, రోడ్డు కాదు. జనాభా లెక్క!

3 లక్షల గీత దగ్గరే ఆగింది

2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ పీఎం ఈ-బస్ సేవకు ఓకే చెప్పింది. దేశవ్యాప్తంగా 10 వేల ఎలక్ట్రిక్ బస్సులు దీని టార్గెట్. 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు రూ.24, 9 మీటర్ల బస్సుకు రూ.22, 7 మీటర్ల బస్సుకు రూ.20 చొప్పున కేంద్రం సాయం చేస్తుంది. అదీ పదేళ్ల పాటు.

మంచి పథకమే. అయితే 2011 జనాభా లెక్కల ప్రకారం 3 లక్షల నుంచి 40 లక్షల జనాభా ఉన్న నగరాలకే ప్రధానంగా వర్తిస్తుంది. ఆ లెక్కల్లో రామగుండం జనాభా సుమారు 2.29 లక్షలు. అంటే కార్పొరేషన్ అయిన రామగుండమే గీత దాటలేదు. ఇక కమాన్‌పూర్ లాంటి మండల కేంద్రం సంగతి చెప్పేదేముంది?

పీఎం ఈ-డ్రైవ్ అయితే మరీ పైన ఉంది. అది 40 లక్షలు దాటిన మహానగరాలకు. అందులో హైదరాబాద్‌కు 2 వేల ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. కరీంనగర్ నుంచి కూడా 2024 సెప్టెంబరులో ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. మంచిదే. కానీ పొద్దున కాలేజీకి, డ్యూటీకి పోయే ఊరి జనానికి కావాల్సింది హైదరాబాద్ బస్సు కాదు, పక్క టౌన్‌కు పోయే బస్సు.

ఫ్రీ ప్రయాణం ఎప్పుడు పనికొస్తుంది?

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆ చార్జీ సొమ్ము ఆర్టీసీకి ప్రభుత్వం కట్టాలి. కానీ జీరో టికెట్ కొట్టాలంటే ముందు బస్సు రావాలి కదా! టైముకు బస్సు లేని ఊళ్లో ఆడపిల్ల కాలేజీకి పోవాలంటే షేర్ ఆటోనే దిక్కు. ఆటోలో జీరో టికెట్ ఉండదు. అంటే బస్సు తిరిగే ఊరికి పథకం పూర్తిగా అందుతుంది, తిరగని ఊరికి పేరుకే మిగులుతుంది.

కమాన్‌పూర్ పరిసరాల్లో ఈ అవసరం చిన్నది కాదు. మంథని జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నది సెంటినరీ కాలనీ పక్కన. ఆ ప్రాంతం ఒకప్పుడు కమాన్‌పూర్ మండలమే, 2016లో రామగిరి మండలంలోకి వెళ్లింది. పెద్దాసుపత్రి కావాలంటే గోదావరిఖని, కలెక్టరేట్ పనికి పెద్దపల్లి. మండలాలు విడిపోయినా జనం తిరగడం ఆగలేదు.

షిఫ్ట్ టైమింగే అసలు బలం

పల్లె రూట్లను ఆర్టీసీ ప్రధానంగా ఈపీకేతో తూకం వేస్తుంది. అంటే బస్సు కిలోమీటరుకు ఎంత సంపాదించిందన్న లెక్క. మామూలు పల్లె రూట్లో పొద్దున బస్సు నిండా టౌన్‌కు పోతుంది, తిరుగు ప్రయాణంలో సీట్లు ఖాళీ. అక్కడే ఈపీకే పడిపోతుంది.

బొగ్గుబాయి రూట్ అలా కాదు. మొదటి షిఫ్ట్ పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 3 దాకా. రెండోది 3 నుంచి రాత్రి 11 దాకా. తర్వాత నైట్ షిఫ్ట్. మధ్యాహ్నం 3 గంటలకు ఒకే బస్సు రెండో షిఫ్ట్ వాళ్లను బాయి దగ్గర దింపి, మొదటి షిఫ్ట్ వాళ్లను ఎక్కించుకుని రావొచ్చు. రెండు వైపులా జనం! దేశంలో చాలా పల్లె రూట్లకు లేని సౌకర్యం ఇది. ప్రస్తుతం చాలామంది కార్మికులు బైక్ మీదే డ్యూటీకి పోతున్నారు. రాత్రి 11 గంటలకు బొగ్గు లారీల మధ్య బైక్ ప్రయాణం ఎంత ప్రమాదమో ఇక్కడి వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఎలక్ట్రిక్ బస్సుకు కూడా ఈ టైమింగ్ సరిగ్గా సరిపోతుంది. ఊళ్ల మధ్య దూరాలు తక్కువ. పొద్దున షిఫ్ట్, కాలేజీ ట్రిప్పులు అయ్యాక మధ్యాహ్నం దాకా బస్సుకు పెద్దగా పని ఉండదు. అప్పుడే చార్జింగ్ పెట్టుకోవచ్చు. గోదావరిఖని, మంథని రెండు చోట్లా ఆర్టీసీ డిపోలు ఉన్నాయి.

బొగ్గు కరెంటుతో నడిపితే లాభమేంటి?

ఈ డౌట్ న్యాయమైనదే. పొగ బస్సు నుంచి చిమ్నీకి మారితే సరిపోతుందా? కానీ ఎండ ఉన్నప్పుడు చార్జింగ్ చేస్తే లెక్క మారుతుంది. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు 2022 జులై నుంచి పూర్తి స్థాయిలో పనిచేస్తోంది. ఇంత ప్లాంటు సగటున రోజుకు 4 లక్షల యూనిట్ల దాకా ఇస్తుంది. ఒక పెద్ద ఎలక్ట్రిక్ బస్సు 200 కిలోమీటర్లు తిరగడానికి సుమారు 250 యూనిట్లు చాలు. అంటే వెయ్యికి పైగా బస్సులకు సరిపడే కరెంటు. కమాన్‌పూర్, మంథని, ఖని రూట్లకు కావాల్సింది పదుల్లోనే.

మరి డబ్బులెక్కడివి?

పెద్ద ఎలక్ట్రిక్ బస్సు ఖరీదు కోటి రూపాయలకు పైనే. అందుకే కొనకుండా, కంపెనీకి కిలోమీటరు చొప్పున అద్దె కట్టే పద్ధతి వచ్చింది. తెలంగాణలోనే మరో దారి కూడా మొదలైంది. 2025 మార్చి 8న మహిళా సమాఖ్యలకు చెందిన 150 బస్సులను ఆర్టీసీ అద్దెకు తీసుకుంది. బస్సుకు నెలకు రూ.77,220 అద్దె సమాఖ్యకు వస్తుంది. అవి డీజిల్ బస్సులే. కానీ ఊరి మహిళలే బస్సు ఓనర్లు అయ్యే ఈ పద్ధతిలో రేపు 7, 9 మీటర్ల ఎలక్ట్రిక్ బస్సులు ఎందుకు రాకూడదు?

ఇక జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్ట్ సంగతి. గనుల ప్రభావిత ఊళ్ల కోసమే వచ్చే నిధులవి. తాగునీరు, వైద్యం, చదువు తర్వాత మిగిలే వాటాలో రోడ్లు, వంతెనల వంటి వసతులకు వాడుకోవచ్చు. రోడ్డు వేసి వదిలేస్తే దాని మీద ఎక్కువగా తిరిగేది బొగ్గు లారీలే. జర్మనీ 2020లో బొగ్గు ప్రాంతాల కోసం 2038 దాకా 40 బిలియన్ యూరోల వరకు ఇస్తామని చట్టం చేసింది, అందులో రైలు మార్గాలూ ఉన్నాయి. మనకు అంత డబ్బు లేకపోవచ్చు. షిఫ్ట్ బస్సుకు, డిపోలో నాలుగు చార్జర్లకు అంత అక్కర్లేదు కూడా.

ప్రస్తుతానికి 3 లక్షల గీత 2011 లెక్కల మీదే ఉంది. కొత్త జనగణనలో జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో జరిగేలా కేంద్రం షెడ్యూల్ ఇచ్చింది. ఆ లెక్క వచ్చాక రామగుండం గీత దాటినా, కమాన్‌పూర్ రూట్‌లో బస్సు వేయాలా వద్దా అన్నది మళ్లీ ఈపీకే కాగితం మీదే తేలుతుంది.