ట్రాన్స్‌ఫార్మర్ నూనెకు తడి పడదు

సీతారామపురం, ఉదయగిరి వైపు మెట్ట పొలాల్లో సేద్యం చాలావరకు బోరు మోటార్ల మీదే నడుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ‘లోడు ఎక్కువైంది’ అనడం పరిపాటి. లోడు ఒక కారణమే. దానికి తోడయ్యే మరో కారణం మాత్రం పైకి కనిపించదు. అది నూనెకు పట్టిన తేమ.

11,000 వోల్టుల కరెంటును 433 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్‌లో, కాగితం చుట్టిన తీగచుట్టలు ఖనిజ నూనెలో మునిగి ఉంటాయి. చుట్టల వేడిని లాగేయడం, కరెంటు పక్కకు దూకకుండా ఆపడం నూనె పనులు. గాలి మిల్లీమీటరుకు సుమారు 3 కిలోవోల్టుల దగ్గరే లొంగిపోతుంది. పొడి నూనె అంతకు ఎన్నో రెట్లు తట్టుకుంటుంది.

లోహాల్లో ఉన్నట్టు నూనెలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఉండవు. అయినా ఆమ్లాలు, తేమ వంటి మలినాల నుంచి పుట్టిన కొద్దిపాటి అయాన్లు అతి స్వల్పంగా కరెంటును మోస్తాయి. నూనె వేడెక్కి పలచబడితే వాటి కదలిక సులువవుతుంది. వోల్టేజీ బాగా పెరిగితే విద్యుత్ క్షేత్రమే మరిన్ని అయాన్లను విడదీస్తుంది. ఆ పెరుగుదలను 1934లో శాస్త్రవేత్త లార్స్ ఆన్సాగర్ లెక్కగట్టాడు.

ఈ చిన్న కరెంటుతో ముప్పు లేదు. ముప్పంతా తడిసిన నలకలతోనే. విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే సాపేక్ష పర్మిటివిటీ నూనెకు సుమారు 2.2 అయితే నీటికి సుమారు 80. అందుకే తేమ పీల్చిన కాగితపు పీచును విద్యుత్ క్షేత్రం బలంగా ఉన్న చోటికి లాగుతుంది. అయస్కాంతానికి ఇనుప రజను బారులు తీరినట్టు, పీచులు ఒకదాని కొన ఒకటి పట్టి వంతెన కడతాయి. దాని గుండా పారే కరెంటుకు నీరు ఆవిరై బుడగ ఏర్పడుతుంది. బుడగలోని వాయువు నూనెకన్నా బలహీనం కాబట్టి మెరుపు అక్కడే మొదలై, సెకనుకు కిలోమీటర్ల వేగంతో కొమ్మలు వేస్తూ అవతలి కొసను అందుకుంటుంది. నూనె విద్యుత్ బంధకం కాకుండా పోయేది ఆ క్షణంలోనే.

దీన్ని పరీక్షించే పద్ధతి సులువు. నూనెలో 2.5 మిల్లీమీటర్ల ఎడంలో రెండు ఎలక్ట్రోడ్లు ఉంచి, మెరుపు దూకేదాకా వోల్టేజీ పెంచుతారు. దీనినే బీడీవీ (బ్రేక్‌డౌన్ వోల్టేజీ) పరీక్ష అంటారు. శుద్ధి చేయని కొత్త నూనె కూడా కనీసం 30 కిలోవోల్టులు తట్టుకోవాలని ఐఎస్ 335 ప్రమాణం చెబుతుంది. వడపోసి తేమ తీసేస్తే అదే నూనె 60 దాటుతుంది. నూనె మారలేదు, అందులోంచి పోయినవి తడీ నలకలూ మాత్రమే.

ఇంతకీ నీరు ఎలా చేరుతుంది? పగలు మోటార్ల లోడుకు నూనె వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపలి గాలి బయటికి పోతుంది. రాత్రి నూనె చల్లబడి కుంచించుకుంటే బయటి గాలి లోపలికి వస్తుంది. ఈశాన్య రుతుపవనాల వేళ ఆ గాలి నిండా తేమే. దాన్ని ఆపడానికి, గాలి వచ్చిపోయే దారిలో ఉండే బ్రీదర్‌లో తేమ పీల్చే సిలికా జెల్ పోస్తారు. నీలం రకం గులాబీ రంగుకు మారిందంటే దాని పని అయిపోయినట్టే. ఆపైన తేమ నేరుగా నూనెలోకి దిగుతుంది. వేడి నూనె ఎక్కువ నీటిని కరిగించుకుంటుంది, చల్లారినప్పుడు అదనపు నీటిని వదిలేస్తుంది. అందుకే వేడి మీద బాగున్న ట్రాన్స్‌ఫార్మర్‌కు తెల్లవారుజామున గండం.

నీటిలో ఎక్కువ భాగం దాక్కునేది నూనెలో కాదు, చుట్టల కాగితంలో. కాబట్టి మరమ్మతుకు వెళ్లిన ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్టలను ఆరబెట్టకుండా కొత్త నూనె పోస్తే, ఆ కాగితమే కొన్నాళ్లకు కొత్త నూనెనూ తడిపేస్తుంది. మీ పొలం దగ్గరి బ్రీదర్‌లో రంగు మారినట్టు దూరం నుంచి కనిపిస్తే చెయ్యి పెట్టకండి, లైన్‌మ్యాన్‌కు చెప్పండి. గుప్పెడు సిలికా జెల్ మార్చడం, తర్వాత చుట్టలు తీసి ఆరబెట్టించడం కన్నా ఎంతో చవక.