తేలు కుడితే కాళ్లు తాకి చూడండి

"నొప్పి తగ్గింది డాక్టరు గారూ, ఏడుపు కూడా మానేశాడు. ఇంటికి తీసుకుపోమంటారా?"

ఓ వేసవి రాత్రి ఆరేళ్ల కొడుకును భుజాన వేసుకుని వచ్చిన తల్లి అడిగిన ప్రశ్న ఇది. పిడకల గూట్లో చెయ్యి పెడితే ఎర్ర తేలు కుట్టింది. అప్పటికే రెండు గంటలైంది. మంత్రం వేయించారు, ఉల్లిపాయ రుద్దారు. పిల్లవాడు నిజంగానే ఏడవడం లేదు. కాని ఒళ్లంతా చెమట, రెండుసార్లు వాంతి. పాదాలు ముట్టుకుంటే మంచుముక్కలే! ఇంటికి పంపడం మాట అటుంచి, వాణ్ణి మంచం కూడా దిగనివ్వలేదు.

తేలు అనగానే మనకు నొప్పే గుర్తొస్తుంది. చూస్తేనే భయం వేసే నల్లని మండ్రగబ్బ కుట్టినా సాధారణంగా మంటా, వాపుతో సరిపోతుంది. మంత్రగాళ్లకు పేరు తెచ్చేది చాలావరకు ఇదే. ప్రాణం మీదికి తెచ్చేది అంతకంటె చిన్నదైన, సన్నని డెక్కలున్న ఎర్ర తేలు.

దాని విషం చెడగొట్టేది శరీరంలోని విద్యుత్తును. నరాల్లోను, గుండె కండరంలోను ప్రతి కణం పొరకూ అతి సన్నని ద్వారాలుంటాయి. అయాన్ ఛానళ్లంటారు వాటిని. సోడియం ద్వారం తెరుచుకోగానే కణం ఉత్తేజం పొందుతుంది. రెప్పపాటు కన్న ఎంతో తక్కువ కాలంలో ఆ తలుపు మూసుకోవాలి. విషంలోని కొన్ని ప్రోటీన్లు, తలుపు సందులో చెప్పు ఇరికించినట్టు, దాన్ని మూసుకోనివ్వవు. కణం మళ్లీ శాంతించాలంటే పొటాషియం బయటికి పోవాలి. ఆ ద్వారాలకు గడియ వేసే పదార్థాలు కూడా ఇందులోనే ఉన్నాయి. వాటిలో ఒకటైన ఐబీరియోటాక్సిన్‌ను ప్రయోగశాలల్లో పరిశోధనకు వాడుతుంటారు కూడా!

ఇక నరాలకు విరామం ఉండదు. మొదట వాంతులు, చెమటలు, చొంగ. మగపిల్లల్లో అంగం గట్టిపడవచ్చు. సిగ్గుపడి దాచకండి, మాకది ముఖ్యమైన ఆనవాలు. ఆ వెనుక అడ్రినలిన్ వంటివి రక్తంలోకి వరదలా వచ్చిపడతాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి, కాళ్లూ చేతులూ చల్లబడేది అందుకే. ఆ బిగిసిన గొట్టాల్లోకి రక్తాన్ని తోసి తోసి గుండె అలిసిపోతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి దగ్గు, ఆయాసం, గులాబిరంగు నురగ కనిపిస్తే పరిస్థితి చేయి దాటుతోందన్నమాట.

మహారాష్ట్రలో కొంకణ ప్రాంతపు మహద్ అనే చిన్న ఊళ్లో ఇలాంటి రోగులను ఏళ్ల తరబడి గమనించిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ మాత్ర ఈ బిగువును సడలిస్తుందని 1986లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. 2011లో ఆయన, ఆయన భార్య 70 మంది రోగులపై చేసిన పరిశీలనను ప్రచురించారు. మాత్ర ఒక్కటే వాడినవారు సగటున 18 గంటలకు కోలుకుంటే, విరుగుడు సీరం కూడా తీసుకున్నవారు 8 గంటలకే కోలుకున్నారు.

అలాగని ఆ మాత్ర తెచ్చి ఇంట్లో వేయకండి. అది వేసుకుని లేచి నిలబడితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. కోయడం, కట్టు బిగించడం వద్దు. గుడ్డలో చుట్టిన మంచుముక్క పెడితే చాలు. పెద్దవాళ్లయితే చెమట, వాంతి, చల్లదనం ఏది కనిపించినా ఆసుపత్రికి బయలుదేరండి. పిల్లలను మాత్రం వీటి కోసం ఎదురుచూడకుండా వెంటనే తీసుకురండి. మంత్రం వేయించాలనుకుంటే దారిలో వేయించుకోండి, నాకు అభ్యంతరం లేదు!

ఆ పిల్లవాడికి మేమిచ్చింది ప్రాజోసినే. తల్లి రాత్రంతా పాదాలు పట్టుకుని కూర్చుంది. తెల్లవారుజామున అవి వెచ్చబడ్డాయి. కాసేపటికి వాడు వేలు నొప్పంటూ మళ్లీ ఏడుపందుకున్నాడు. ఆమె కంగారుపడింది. విషం తగ్గుముఖం పట్టినప్పుడు కుట్టినచోట నొప్పి తిరిగి తెలుస్తుందని చెప్పి, నేను టీ తాగడానికి వెళ్లాను.