రావాల్సినంత, వచ్చినంత

ఏమే అమ్మడూ, ల్యాబ్‌లో ఆస్పిరిన్ లెక్క ప్రకారం రాలేదని మొహం చిన్నబుచ్చుకున్నావట! ఆ రికార్డు ఇలా ఇవ్వు, చూద్దాం.

నువ్వు తీసుకుంది 2 గ్రాముల సాలిసిలిక్ యాసిడ్, 5 మిల్లీలీటర్ల ఎసిటిక్ అన్‌హైడ్రైడ్. ఈ రెండోది కావాల్సినదానికి మూడింతల పైనే ఉంది. కాబట్టి ముందు అయిపోయేది సాలిసిలిక్ యాసిడే. లెక్క దాని మీదే కట్టాలి. దాని అణుభారం 138, ఆస్పిరిన్‌ది 180. 138 గ్రాములకు 180 వస్తే, 2 గ్రాములకు 2.61. ఇది కాగితం మీది దిగుబడి. నీ చేతికొచ్చింది 2 గ్రాములు. అంటే 77 శాతం. బాగానే చేశావే!

మిగతా 0.61 గ్రాము గాల్లో కలిసిపోలేదు. కొంత సాలిసిలిక్ యాసిడ్ అసలు మారనే లేదు. కొంత ఆస్పిరిన్ వడపోత కాగితానికీ, ఫ్లాస్కు గోడలకీ అంటుకుంది. ఇక నీళ్లు! మామూలు గది వేడిలో 100 మిల్లీలీటర్ల నీళ్లు దాదాపు 0.3 గ్రాముల ఆస్పిరిన్‌ను కరిగించుకుంటాయి. స్ఫటికాలను ధారాళంగా కడిగావనుకో, నీ కష్టం సింకులోకి పోయినట్టే. అందుకే మీ మేడం ఐసునీళ్లతో, అదీ కొంచెం కొంచెంగా కడగమంటుంది.

నీ స్నేహితురాలికి 3 గ్రాములు వచ్చిందన్నావు. అంటే 115 శాతం. నాకు అనుమానం నీ లెక్క మీద కాదు, ఆ పిల్ల లెక్క మీద. మీ అమ్మమ్మ వెన్న కాచేటప్పుడు చూడు, చిటపటలు ఆగకముందే దించేస్తే నెయ్యి తూకం ఎక్కువే ఉంటుంది, కానీ అందులో ఉన్నది నీళ్లు. ఆ 3 గ్రాముల్లోనూ తడి ఉండి ఉంటుంది, ఆరబెట్టి మళ్లీ తూచమను. తూకం ఇక మారనంతవరకూ ఆరబెట్టాలి. ఆ తర్వాత చిటికెడు తీసి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేయమను. ఊదారంగు తిరిగితే సాలిసిలిక్ యాసిడ్ ఇంకా మిగిలే ఉందన్నమాట. దిగుబడి ఎంతన్నది ఎప్పుడూ శుద్ధత తేలాకే చెప్పాలి, నేను గట్టిగా పట్టుబట్టేది అక్కడే.

నీది ఒక్క మెట్టు ప్రయోగం కనుక 77 తోనే సరిపోయింది. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో మందులు చాలావరకు మెట్టు మెట్టుగా తయారవుతాయి. పది మెట్లున్నాయనుకో, ప్రతిదాంట్లో 90 శాతం వచ్చినా చివరికి మిగిలేది 35 శాతమే. నమ్మకపోతే 0.9ని పదిసార్లు హెచ్చవేసి చూడు. అదే ఒక్కో మెట్టులో 92 సాధిస్తే చివరికి 43 దాకా వస్తుంది. రియాక్టర్ల దగ్గర కెమిస్టులు రాత్రి షిఫ్టుల్లో కూడా ఉష్ణోగ్రతలు మార్చి మార్చి చూసేది ఆ రెండు శాతం కోసమే.