మన తొమ్మిదిన్నర, వాళ్ళ అర్ధరాత్రి

నేను డాక్టర్ని కాను, మనామాలో కంప్యూటర్ కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. అయినా ఈ రోజు కాలేజీ పిల్లల నిద్ర గురించి నాలుగు మాటలు చెబుతాను. కారణం మా మేనల్లుడు.

వాడు బహ్రెయిన్‌లోనే పన్నెండో తరగతి ముగించి, ఇంజనీరింగుకి విజయవాడ వెళ్ళాడు. మొదటి సెమిస్టర్లో రెండు సబ్జెక్టులు పోయాయి. "మామయ్యా, రాత్రి మూడు దాకా నిద్ర పట్టదు. ఎనిమిదింటి క్లాసులో కళ్ళు మూతలు పడతాయి" అన్నాడు. "ఆ ఫోను పక్కన పడేస్తే అదే పడుతుంది" అని మా అక్క కోప్పడింది.

ఆ ఫోను చేసేది ఎవరా అని చూస్తే, మనమే! అక్కా బావా పనులు ముగించుకుని తొమ్మిదిన్నరకి వీడియో కాల్ చేస్తారు. ఇండియా మనకంటే రెండున్నర గంటలు ముందు కదా, అక్కడ సరిగ్గా అర్ధరాత్రి. పైగా మనకి సెలవులు శుక్ర, శనివారాలు. గురువారం రాత్రి తీరిగ్గా మాట్లాడతాం. వాడికేమో తెల్లారితే కాలేజీ.

ఇందులో పిల్లల బద్ధకం కంటే ఒంట్లో గడియారం పాత్ర ఎక్కువ. ఆ గడియారం నడిచే తీరు కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ బహుమతి ఇచ్చారు. టీనేజీలో అది వెనక్కి జరుగుతూ, ఇరవై ఏళ్ళ ప్రాంతంలో బాగా ఆలస్యమవుతుందని 2004లో రోన్నెబర్గ్ బృందం చూపించింది. దానికి తోడు కాఫీ. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్ పదకొండింటికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుంటే గడియారం ఇంకా వెనక్కి పోతుంది. మనిషి విజయవాడలో, నిద్ర బహ్రెయిన్ టైములో!

మేం చేసింది ఇదీ. ఫోను సాయంత్రం ఐదున్నరకి మార్చాం, అక్కడ ఎనిమిది. సెలవైనా సరే ఏడింటికే లేవమన్నాం. హాస్టల్లో మంచమే బల్ల, మంచమే భోజనశాల. అందుకని చదువు లైబ్రరీకి మార్చాడు. ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే లేచి కూర్చుని, మళ్ళీ కునుకు వచ్చాకే పడుకోవాలి. ఈ పద్ధతిని 1972లో బూట్‌జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పారు.

నెలన్నరకి వాడు పన్నెండింటికల్లా పడుకోగలిగాడు. ఒక సబ్జెక్టు మాత్రం ఇంకా మిగిలే ఉంది.

ఒక జాగ్రత్త. వారానికి మూడు రాత్రులకి తగ్గకుండా, మూడు నెలలపాటు నిద్ర పట్టకపోతే అది నిద్రలేమి జబ్బే. డాక్టరుకి చూపించాలి. మాత్రలు మన అంతట మనం కొనకూడదు. అలవాట్లనీ ఆలోచనలనీ సరిదిద్దే చికిత్సే ముందు ఇవ్వాలని 2016లో అమెరికా వైద్యుల సంఘం చెప్పింది. దిగులుగా ఉన్నాడేమో కూడా కనుక్కోండి.

రాత్రి పిల్లాడి ముఖం చూడకుండా పడుకోవడం అక్కకి ఇప్పటికీ కష్టమే. కానీ "వాడు నిద్రపోతున్నాడులే" అనుకుంటుంది. మీరు కూడా ఈ రాత్రి ఫోను తీసే ముందు అక్కడ టైమెంతో ఒకసారి లెక్క వేసుకోండి.

సెలవు.