ఉద్యోగం నుంచి తీసేస్తే చట్టం ఏమంటోంది?

ఏప్రిల్ చివరి వారం పిల్లలకు పండగే. కర్నూలు, కడప పట్టణాల ప్రైవేటు బడుల్లో పనిచేసే టీచర్లకు మాత్రం గుబులు. "జూన్‌లో కబురు చేస్తాం" అన్న మాటతో ఇంటికి పోతారు. కొందరికి ఆ కబురు రాదు. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు బి.ఇడి. చదివినవాళ్లు కూరగాయల బండి పెట్టుకోవడం, కూలికి పోవడం మనమంతా చూశాం. డిగ్రీ చదివిన మన ఆడపిల్లల్లో చాలామందికి ఇల్లు దాటి చేసే మొదటి ఉద్యోగం ఇదే. అందుకే ఈ సంచికకు ఈ విషయం ఎంచుకున్నాను.

చేరేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితంలో తరచుగా ఒక వాక్యం ఉంటుంది: కారణం చెప్పకుండా ఎప్పుడైనా తొలగించే హక్కు యాజమాన్యానికి ఉంది అని. సంతకం చేశాం కదా, ఇక మాట్లాడేదేముంది అని మనవాళ్లు ఊరుకుంటారు. అది సరికాదు. కాగితంలో ఏం రాసుకున్నా చట్టం ఇచ్చిన రక్షణ పోదు. కేంద్ర ప్రభుత్వ జల రవాణా సంస్థ ఒకటి మూడు నెలల నోటీసుతో ఎవరినైనా తీసేయవచ్చని నియమం పెట్టుకుంటే, 1986లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పని కావలసిన పేదవాడికి ఒప్పందంలో బేరమాడే శక్తి ఎక్కడిది అన్నది అందులోని ఆలోచన. అది ప్రభుత్వ సంస్థ కాబట్టి ఆ తీర్పు ప్రైవేటు బడికి నేరుగా వర్తించదు. బడికి వేరే చట్టం ఉంది.

అది 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం. దాని 79వ సెక్షన్ ప్రకారం, ప్రైవేటు విద్యాసంస్థలో టీచరును గానీ ఇతర సిబ్బందిని గానీ శిక్షగా తొలగించాలంటే ముందు ఆరోపణ ఏమిటో తెలపాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, విచారణ జరపాలి. వాచ్‌మన్‌తో "రేపటి నుంచి రావద్దంట" అని చెప్పించడం విచారణ కాదు.

ఇక్కడ మనవాళ్ల నుంచే ఒక మాట వినిపిస్తుంది. మాది మైనారిటీ సంస్థ, రాజ్యాంగంలో 30వ అధికరణ ఉంది, ఈ నియమాలు మాకు అంటవు అని. ఇదే వాదన మన రాష్ట్రం నుంచే, ఆల్ సెయింట్స్ హైస్కూల్ కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1980లో తీర్పు వచ్చింది. తొలగింపుకు ముందుగా అధికారి అనుమతి తీసుకోవాలన్న నియమం మైనారిటీ సంస్థలకు చెల్లదని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. అయితే తీవ్రమైన తప్పుపై విచారణ తలపెడితే తప్ప సస్పెండ్ చేయరాదు, సస్పెన్షన్ రెండు నెలలు మించరాదు అన్న నియమాలను మాత్రం నిలబెట్టారు. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం మరింత స్పష్టం చేసింది. తొలగించబడిన సిబ్బంది ఫిర్యాదుకు ట్రిబ్యునల్ ఉండాలని, అది ఏర్పడేదాకా జిల్లా జడ్జి స్థాయి అధికారి వినాలని చెప్పింది. కాబట్టి మైనారిటీ హక్కు బడి నడుపుకోవడానికే గానీ, అందులో పాఠం చెప్పే అమ్మాయిని ఇష్టానుసారం పంపేయడానికి కాదు. మన సొంత బడుల కమిటీలు ముందుగా ఈ సంగతి గుర్తించాలి.

లేబర్ కోర్టుకు వెళ్దామనుకునే టీచర్లకు ఒక హెచ్చరిక. పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచరు "కార్మికుడు" కాడని 1988లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ దారిలో పోతే కాలం వృథా.

బట్టల దుకాణంలో, హోటల్లో, మెడికల్ షాపులో చేసే పిల్లలకు వేరే చట్టం ఉంది. రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం, 1988. ఆరు నెలలు వరుసగా పనిచేసినవారిని సరైన కారణం లేకుండా తీసేస్తే నెల ముందు రాతపూర్వక నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలి. ఐదేళ్లు దాటితే ఏడాదికి పదిహేను రోజుల వేతనం అదనం.

గ్రాట్యుటీ సంగతి చాలామంది టీచర్లకు తెలియనే తెలియదు. 2009 సవరణతో టీచర్లను కూడా ఇందులో చేర్చారు, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా. ప్రైవేటు బడుల యాజమాన్యాలు సవాలు చేస్తే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు సవరణను సమర్థించింది. పదిమంది సిబ్బంది ఉన్న బడిలో ఐదేళ్లు చేస్తే అర్హత. లెక్క సులభం. ఆఖరి నెల జీతం (బేసిక్, డి.ఎ.) 13,000 అనుకుందాం. 26తో భాగిస్తే రోజుకు 500. పదిహేను రోజులకు 7,500. ఎనిమిదేళ్లకు 60,000. వేసవి సెలవుల్లో ఉత్తుత్తిగా తీసేసి జూన్‌లో కొత్తగా చేర్చుకున్నట్టు రాయడం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది.

పంపేసే రోజున "రాజీనామా రాసివ్వు, సర్టిఫికెట్లు ఇచ్చేస్తాం" అంటారు. రాయకండి. సొంతంగా మానేశారని ఆ కాగితమే రేపు సాక్ష్యం అవుతుంది. తొలగింపును రాతలో అడగండి, అడిగిన లేఖను రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. నియామక పత్రం, జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్, బడి గ్రూపులో వచ్చిన వాట్సాప్ సందేశాలు, ఏదీ పారేయకండి. వకీలు ఫీజుకు భయపడనక్కర్లేదు. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థ, ఆదాయంతో పనిలేకుండా, మహిళలందరికీ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. తెల్లకాగితం మీద అర్జీ రాసుకుపోతే చాలు.