మాట వినిపిస్తుంది, బొమ్మ కనిపించదు... ఎందుకు?

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఉరుముల వాన కురిసి, కరెంటు పోయి వచ్చిందనుకోండి. టీవీ పెడితే మాటలు వినిపిస్తున్నాయి కానీ తెర నల్లగానే ఉంది. ఎందుకు?

మనం ఎల్‌ఈడీ టీవీ అనేదాంట్లో చాలావరకు ఉండేది ఎల్‌సీడీ తెరే. దానికి సొంత వెలుగు లేదు. వెనకున్న ఎల్‌ఈడీ దీపాల వెలుగును ద్రవస్ఫటికాలు కిటికీ రెక్కల్లా ఆపుతూ, వదులుతూ బొమ్మను చూపిస్తాయి. ఆ దీపాలు పండగ సీరియల్ బల్బుల్లా వరుసగా కలిపి ఉంటాయి. ఒకటి మాడితే వరుసంతా ఆరిపోవచ్చు.

ఎలా తెలుసుకోవాలి? గది చీకటి చేసి, తెర దగ్గర టార్చి ఏటవాలుగా వేయండి. బొమ్మ మసకగా కనిపిస్తే లోపం వెనక దీపాలదో, వాటికి కరెంటు ఇచ్చే భాగానిదో.

డిష్ ఉన్న టీవీలో ‘సిగ్నల్ లేదు’ అని వస్తే? భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం పంపే తరంగాలను జోరువాన బలహీనపరుస్తుంది. వాన తగ్గాక డిష్ సిగ్నల్ దానంతటదే వస్తుంది. రాకపోతే కేబుళ్లు వదులయ్యాయేమో చూడండి.

ఒక్క జాగ్రత్త: టీవీ వెనక మూత మీరు విప్పకండి. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఆ పని మెకానిక్‌దే. పిడుగులు పడే వేళకు ముందే ప్లగ్‌నూ, డిష్ కేబుల్‌నూ పెద్దవాళ్లతో తీయించండి.